మోడల్ కూడా ఆ కామెంట్ చదువుతుంది

ప్రశ్న: "రెండేళ్లుగా ఫిగర్ ఫోటోగ్రఫీ చేస్తున్నాను. ఎక్కువగా నగ్న చిత్రాలే, బ్లాక్ అండ్ వైట్‌లో. నేనున్న ఆన్‌లైన్ ఆర్ట్ గ్రూపులో ఈమధ్య రెండు సంగతులు జరిగాయి. నేను పెట్టిన ఒక ఫోటోకి 'సూపర్', 'అద్భుతం' అంటూ నలభై దాకా కామెంట్లు వచ్చాయి. ఒకాయన మాత్రం 'లైటింగ్ ఫ్లాట్‌గా ఉంది, మోచేతి దగ్గర కోసేశారు, ఏ భావమూ లేదు, ముందు మంచి స్టూడియో లైటు కొనుక్కోండి' అని రాశాడు. రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆయనతో వాదించి వాదించి చివరికి ఫోటోనే తీసేశాను. రెండోది, ఇంకొకరి ఫోటో కింద నేను 'పోజ్ బాగుంది కానీ పొట్ట దగ్గర మడతలు ఫోటోని పాడుచేశాయి' అని రాశాను. గంటలో ఆ ఫోటోలో ఉన్న మోడలే జవాబిచ్చింది: 'ఆ మడతలు నావి, ఫోటోగ్రాఫర్‌వి కావు.' అప్పట్నుంచి ఎవరికి ఏం రాయాలన్నా చెయ్యి ఆడటం లేదు. విమర్శ ఎలా చెయ్యాలి, ఎలా తీసుకోవాలి? ఆమెకు ఏమని జవాబివ్వాలి? నా ఫోటో కూడా జతచేస్తున్నాను. మీకు పంపుతానని అందులో ఉన్నామెను అడిగాను, సరేనంది."

జవాబు: రెండో సంగతితో మొదలుపెడతాను. మొదటిదానికి జవాబు సగం అందులోనే ఉంది.

ఆ మోడల్ రాసిన మాట ఇంకోసారి చదవండి. ఆమె కోపంతో రాసిందని మీరు అనుకుని ఉంటారు. నాకైతే ఆ ఫోటో కింద వచ్చినవాటిలో అదే మంచి విమర్శ అనిపించింది. ఏది ఎవరిదో రెండు ముక్కల్లో తేల్చేసింది. వెలుతురు ఎటునుంచి రావాలి, కెమెరా ఎంత ఎత్తులో ఉండాలి, ఎంత దూరంలో నిలబడాలి, ఫ్రేమ్ ఎక్కడ ఆగాలి, ఏ క్షణంలో నొక్కాలి, తీసిన రెండు వందల ఫోటోల్లో ఏది బయటపెట్టాలి, ఇవన్నీ ఫోటోగ్రాఫర్ తీసుకున్న నిర్ణయాలు. వీటిలో దేన్నైనా మీరు నిలదీయొచ్చు. ఒంటి మడతలు, మచ్చలు, ఆపరేషన్ గీతలు, వయసు, బరువు మాత్రం ఎవరూ ఆ రోజు కూర్చుని నిర్ణయించినవి కావు. వాటితోనే ఒక మనిషి వచ్చి కెమెరా ముందు కూర్చుంది.

అలాగైతే పొట్ట గురించి నోరే ఎత్తకూడదా అంటారేమో. ఎత్తొచ్చు. మీ కంటికి అక్కడ ఏదో అడ్డం తగిలింది, ఆ మాట నిజమే. ఎందుకు తగిలిందో తెలుసుకోవడానికి ఇంకో రెండు నిమిషాలు ఆగాల్సింది. కూర్చున్న మనిషి ముందుకు వంగితే పొట్ట మడత పడుతుంది, ఎంత సన్నగా ఉన్నవాళ్లకైనా అంతే. ఆ మడతల మీద పక్కనుంచి గట్టి వెలుతురు పడితే ఒక్కో మడత ఒక తెల్లగీత, ఒక నల్లగీత అయిపోతుంది. ఫ్రేమ్ మొత్తంలో వెలుగునీడల తేడా ఎక్కడ ఎక్కువుంటే కన్ను ముందు అక్కడికి పోతుంది. ముఖమో, చేతులో ముఖ్యమనుకుని తీసిన ఫోటోలో కన్ను పొట్ట దగ్గర ఆగిపోతే అది లైటింగ్ సమస్య. అప్పుడు రాయాల్సింది ఇలా ఉంటుంది: "నా చూపు ముందు నడుము దగ్గరికే పోయింది, అక్కడే కాంట్రాస్ట్ ఎక్కువగా ఉంది. మీరు అక్కడికే తీసుకెళ్లాలనుకున్నారా?" ఆయన అవునంటే మీ అభ్యంతరం అక్కడితో అయిపోతుంది, ఎందుకంటే ఆ మడతల కోసమే ఆ వెలుతురు పెట్టాడన్నమాట. కాదంటే లైటు కొంచెం ముందుకు జరిపితే నీడలు పలచబడతాయని చెప్పొచ్చు, వెన్ను కొద్దిగా నిటారు చేయమని అడిగి ఉండొచ్చని చెప్పొచ్చు. రెండింట్లోనూ ఆమె ఒంటికి తప్పు అంటదు.

హద్దు అన్నిచోట్లా ఇంత తేలిగ్గా దొరకదు. ఒంటి మీద ఎలాస్టిక్ గుర్తులు కనిపిస్తున్నాయనుకోండి. అది శరీరమా, నిర్ణయమా? నా లెక్కలో నిర్ణయమే. షూట్‌కి ముందు కాసేపు వదులు బట్టల్లో ఉండమని ఫోటోగ్రాఫర్ చెప్పాల్సింది. చలికి రోమాలు నిక్కబొడుచుకుంటే గది వెచ్చగా ఉందో లేదో ఆయన చూసుకోలేదన్నమాట. అరికాళ్లకు దుమ్ము అంటుకుని ఉంటే పక్కన ఒక తడిగుడ్డ లేదన్నమాట. వీటి గురించి నిస్సంకోచంగా రాయండి, కాకపోతే ఫోటోగ్రాఫర్‌కి రాయండి. "మోడల్ కాళ్లు మురికిగా ఉన్నాయి" అనే వాక్యం, "నొక్కేముందు పాదాలు ఓసారి చూసుకుని ఉండాల్సింది" అనే వాక్యం ఒకే సమాచారం ఇస్తాయి. మొదటిది చదివితే ఆమె సిగ్గుపడుతుంది, రెండోది చదివితే ఆయన నేర్చుకుంటాడు.

ఇంకో తిరకాసు ఏమిటంటే, కెమెరా తనంతట తానే కొంత శరీరాన్ని తయారుచేస్తుంది. పడుకున్న మనిషిని పాదాల వైపు నుంచి తీశారనుకోండి. పాదాలు లెన్స్‌కి 1 మీటరు దూరంలో, తల 2.5 మీటర్ల దూరంలో ఉంటే, అసలు కొలతలతో పోలిస్తే పాదాలు తలకన్నా రెండున్నర రెట్లు పెద్దవిగా వస్తాయి. అదే మనిషిని ఇంకో 3 మీటర్లు వెనక్కి జరిగి తీస్తే ఆ తేడా 1.4 రెట్లకు దిగిపోతుంది. మనిషి మారలేదు, లెన్స్ మారాల్సిన పని కూడా లేదు, దూరం మారిందంతే. కాబట్టి "కాళ్లు మరీ పెద్దవి" అని రాసే ముందు అది మనిషి కొలతా, నిలబడ్డ చోటు మాయా అని ఆలోచించాలి. అది పొరపాటే అయి ఉండాలని కూడా లేదు. బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ బిల్ బ్రాండ్ట్ 1940ల్లో ఒక పాత కోడాక్ కెమెరా సంపాదించాడు. నేరం జరిగిన చోట్లను ఫోటో తీయడానికి పోలీసులు వాడిన రకం అది, చాలా వెడల్పు కోణం లెన్స్‌తో. దానితో గదుల్లో తీసిన నగ్న చిత్రాల్లో కాళ్లూ చేతులూ సాగిపోయి, గది లోతు పెరిగిపోయి కనిపిస్తాయి. ఆయనకు కావాల్సిందే అది. "డిస్టార్షన్ వచ్చింది, 85 మి.మీ. లెన్స్ వాడండి" అని, అంటే ఆకారాలు సాగకుండా దూరం నుంచి తీసే లెన్స్ వాడమని, ఆయనకు సలహా ఇస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

వంక పెట్టడం మన ఆన్‌లైన్ గ్రూపులతో పుట్టిందేమీ కాదు. ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ 1814లో గీసిన 'గ్రాండ్ ఒడలిస్క్' (వీపు మనవైపు తిప్పి పడుకున్న నగ్న స్త్రీ చిత్రం), ఇప్పుడు పారిస్ మ్యూజియం లూవ్ర్‌లో ఉంది, 1819లో అప్పటి పెద్ద కళాప్రదర్శన అయిన పారిస్ సలోన్‌లో ప్రదర్శనకు పెట్టినప్పుడు ఒక విమర్శకుడు ఆమె వెన్నులో మూడు పూసలు ఎక్కువున్నాయన్నాడు. పూసలు లెక్కపెట్టే ఓపిక ఉంది గానీ, ఆ పొడవాటి వంపు ఎందుకు పెట్టాడో అడిగే ఓపిక లేకపోయింది. అయినా ఆ విమర్శకుణ్ణి నేను పూర్తిగా తప్పుపట్టను. అక్కడ ప్రతి పూసా చిత్రకారుడు చేత్తో గీసిందే కాబట్టి ఆ వెన్ను కూడా ఆయన నిర్ణయమే. ఫోటోలో మాత్రం వెన్ను ముందే ఉంది.

మోడల్ ఏం చూస్తుందో, ఫోటోగ్రాఫర్ ఏం చూస్తాడో చెప్పడానికి నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది. అమెరికన్ ఫోటోగ్రాఫర్ ఎడ్వర్డ్ వెస్టన్ 1936లో తన మోడల్ ఛారిస్ విల్సన్‌ని తీసిన నగ్న చిత్రం. ఆమె కూర్చుని, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని, తల పూర్తిగా వంచేసి ఉంటుంది. ముఖం కనిపించదు. ఈ రంగంలోకి వచ్చేవాళ్లలో చాలామంది ముందు చూసే ఫోటోల్లో అదొకటి. చాలా ఏళ్ల తర్వాత ఛారిస్ దాని గురించి రాసింది. కుడిచేతి మీద పడ్డ నీడ వెస్టన్‌కి ఎప్పుడూ నచ్చలేదట. తనకేమో వంకర పాపిడీ, జుట్టులో కనబడే పిన్నులూ నచ్చలేదట. ఆయన తన పనిలో లోపం వెతుక్కున్నాడు, ఆమె తన తలలో వెతుక్కుంది. ఎవరూ ఏమీ అనకుండానే మోడల్ తనని తాను ఇంతగా పరీక్షించుకుంటుంది. అలాంటి మనిషి చదివే చోట మీరు "మడతలు పాడుచేశాయి" అని రాశారు.

ఈ సందర్భంగా పొగడ్తల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాటిలోనూ ఇదే జబ్బు ఉంది. "ఏం ఫిగర్ రా బాబూ" అనేది ఫోటో మీద కామెంట్ కాదు. రాసినవాడు మెచ్చుకున్నాననే అనుకుంటాడు. మీ ఫోటో కింద అలాంటిది కనిపిస్తే వాదనలు పెట్టుకోకుండా తీసేయండి, తీసేయించండి. అంతకన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. మోడల్ సంతకం చేసే రిలీజ్ ఫారమ్‌లో ఫోటో ఎక్కడ వాడొచ్చో ఉంటుంది గానీ, కింద అపరిచితులు ఏం రాయొచ్చో ఉండదు. "దీన్ని గ్రూపులో విమర్శకు పెడుతున్నాను, కామెంట్లు తెరిచే ఉంటాయి, సరేనా? చాలనిపిస్తే ఒక్క మాట చెప్పు, మూసేస్తాను" అని నోటితో అడగండి. ఆమె పద్దెనిమిదేళ్లు దాటిన మనిషని కాగితం చూసి నిర్ధారించుకోవడం ఎటూ మొదటి మెట్టే, దాని మీద చర్చ లేదు.

అలాగే ఎదుటివాళ్ల ఫోటోని మీ కంప్యూటర్లోకి దించుకుని, క్రాప్ చేసి, వెలుతురు మార్చి "ఇలా ఉంటే బాగుంటుంది చూడండి" అని తిరిగి పెట్టే అలవాటు ఉంటే మానేయండి. ప్రకృతి దృశ్యాల దగ్గర అది సాయం కావచ్చు. నగ్న చిత్రం దగ్గర, మోడల్ అనుమతి ఇవ్వని ఒక కొత్త కాపీని మీరు లోకంలోకి వదిలినట్టు. చూపించి తీరాలంటే ముందు అడగండి, లేదా "కింద నాలుగో వంతు చేత్తో కప్పి చూడండి" అని రాయండి. నేనలాగే రాస్తాను, పని జరుగుతుంది.

ఇక రాసే పద్ధతి. అమెరికన్ నృత్య దర్శకురాలు లిజ్ లెర్మన్ 1990లో కళాకారుల పని మీద అభిప్రాయం చెప్పడానికి నాలుగు మెట్ల పద్ధతి ఒకటి తయారుచేసింది. ముందు చూసినవాళ్లు తమకు ఏది తాకిందో, ఏది గుర్తుండిపోయిందో చెబుతారు. తర్వాత కళాకారుడు తన సందేహాలు అడుగుతాడు. ఆ తర్వాత చూసినవాళ్లు అభిప్రాయం దాచిపెట్టని మామూలు ప్రశ్నలు వేస్తారు. చివర్లో, ఫలానాదాని మీద నాకో అభిప్రాయం ఉంది, వింటారా అని అనుమతి అడిగి చెబుతారు. ఆన్‌లైన్‌లో ఈ నాలుగూ అచ్చంగా కుదరవు, ఒక కామెంట్‌కి జవాబు రావడానికి పూట పడుతుంది. నేను తీసుకున్నది మూడోదాన్ని. "బ్యాక్‌గ్రౌండ్ అంత నల్లగా ఎందుకు పెట్టారు?" అనేది ప్రశ్న వేషంలో ఉన్న తిట్టు. "బ్యాక్‌గ్రౌండ్ ఎంచుకునేటప్పుడు ఏం ఆలోచించారు?" అనేది ప్రశ్న. మొదట్లో కృత్రిమంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. పదిసార్లు రాశాక అలవాటవుతుంది.

ఎన్ని విషయాలు రాయాలన్నది కూడా ముఖ్యమే. ఒకసారి ఒక కొత్తవ్యక్తి పెట్టిన మొదటి ఫోటోకి నేను పదకొండు లోపాలు నంబర్లు వేసి మరీ రాశాను. కష్టపడి రాశానని గర్వం కూడా. ఈమధ్య అది మళ్లీ కంటబడితే చదివాను. పదకొండూ సరైనవే. ఆ మనిషి మళ్లీ ఎప్పుడూ అక్కడ ఫోటో పెట్టలేదు. ఇప్పుడు నేను రెండు రాస్తాను, అవి కూడా తర్వాతి షూట్‌లో మార్చుకోగలిగినవి. మిగతా తొమ్మిదీ వాళ్లే కనుక్కుంటారు, లేదా వాటితో ఏ ప్రమాదమూ రాదు.

మీకు వచ్చిన కామెంట్ దగ్గరికి వద్దాం. దాన్ని మీరు ఒకే దెబ్బగా తీసుకున్నారు. అందులో నాలుగు వేరువేరు వస్తువులున్నాయి. "మోచేతి దగ్గర కోసేశారు" అనేది ఎవరైనా చూసి సరిచూసుకోగల విషయం. "ఫ్లాట్‌గా ఉంది" కూడా దాదాపు అంతే. "ఏ భావమూ లేదు" అన్నది ఆయనకు కలగలేదని చెప్పడం, అది ఆయన హక్కు, దానితో మీరు వాదించి గెలవలేరు, గెలిస్తే వచ్చేదీ లేదు. "స్టూడియో లైటు కొనుక్కోండి" అన్నది మందు చీటీ. నొప్పి ఎక్కడుందో చూసేవాళ్లు చాలావరకు సరిగ్గానే చెబుతారు. మందు మాత్రం చాలాసార్లు తప్పు రాస్తారు, ఎందుకంటే ఆ గదిలో వాళ్లు లేరు, అక్కడ గోడ ఏ రంగులో ఉందో వాళ్లకు తెలీదు. నొప్పి చెప్పిన వాక్యాలు విడిగా ఒక కాగితం మీద రాసుకోండి, మందు మీరే వెతుక్కోండి.

ఆ పని ఆ రాత్రే చేయకండి. కామెంట్ చదివిన రోజు "ధన్యవాదాలు, ఆలోచిస్తాను" కన్నా ఎక్కువ రాస్తే అది జవాబు కాదు, సంజాయిషీ అవుతుంది. మర్నాడు ఫోటోని అద్దంలో కనిపించినట్టు ఎడమను కుడిగా తిప్పేసి, చిన్న సైజు చేసి చూడండి. మీకు అలవాటైపోయిన ఫోటో కొత్తగా కనిపిస్తుంది. ఎదుటివాళ్లు ఏ తెర మీద చూశారో కూడా గుర్తుంచుకోండి. నీడలు నల్లగా మూసుకుపోయాయన్న ఫిర్యాదులు కొన్ని బ్రైట్‌నెస్ తగ్గించిన ఫోన్ల నుంచి వస్తాయి. మీ హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి, వెలుతురు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) చూసుకుంటే నిజమేదో తెలిసిపోతుంది.

ముగ్గురు ఒకే మాట అంటే వినాలని ఒక పాత సలహా ఉంది. నేనూ చాలామందికి చెప్పాను. అయితే బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ జూలియా మార్గరెట్ కామెరన్ గుర్తొచ్చినప్పుడల్లా ఆ సలహా మీద నా నమ్మకం కొంచెం సడలుతుంది. 1860ల్లో ఆమె పోర్ట్రెయిట్లు ఫోకస్‌లో లేవని ముగ్గురు కాదు, ఫోటోగ్రఫీ పత్రికలూ, తోటి ఫోటోగ్రాఫర్లూ కలిసి అన్నారు. లెన్స్ తిప్పుతూ తన కంటికి అందంగా కనిపించిన చోట ఆగిపోయేదాన్నని, ఇంకా పదునుగా చేయాలని పట్టుబట్టలేదని ఆమె రాసుకుంది. అంటే వాళ్లు చెప్పింది ఆమెకు ముందే తెలుసు. తేడా అక్కడుంది. మోచేయి కోసుకుపోయిందని ఎవరో చెప్పేదాకా మీకు తెలీకపోతే అది పొరపాటు. తెలిసే కోసి ఉంటే, కామెంట్ చదివినప్పుడు మీకు నిద్ర పట్టకపోవడం ఉండదు.

అందుకే ఫోటో పెట్టేటప్పుడు కింద ఒక ప్రశ్న పెట్టండి. "ఎలా ఉంది?" అంటే "సూపర్" అనే వస్తుంది, ఆ నలభై మందిని అని లాభం లేదు. "కన్ను ముందు ఎక్కడికి పోతోంది? కుడివైపు నీడ సరిపోయిందా?" అని అడిగితే ఆ నలభైలో ముగ్గురైనా ఫోటోని నిజంగా చూస్తారు. ఆ ముగ్గురు చాలు.

ఆ మోడల్‌కి జవాబు పొడుగ్గా రాయకండి. మీ ఉద్దేశం ఏమిటో వివరించే పేరాలు ఆమెకు అక్కర్లేదు. "మీరన్నది నిజం. నేను లైటింగ్ గురించి చెప్పాల్సింది మీ ఒంటి మీద పెట్టాను. ఆ వాక్యం తీసేస్తున్నాను, క్షమించండి" అని అక్కడే, అందరికీ కనిపించేలా రాయండి. విడిగా మెసేజ్ పెట్టొద్దు. నగ్న చిత్రంలో ఉన్న మనిషికి తెలియనివాళ్ల నుంచి వచ్చే మెసేజ్‌లు ఎలాంటివో మీరు ఊహించగలరు, అందులో ఇంకొకటి చేర్చకండి. ఆ తర్వాత ఫోటోగ్రాఫర్‌కి వెలుతురు గురించి మీ ప్రశ్న వేయండి. ఆమె జవాబివ్వకపోయినా సరే.

ఇప్పుడు మీ ఫోటో. ఆమె మనకి వీపు చూపిస్తూ స్టూలు మీద కూర్చుంది, ఎడమవైపు కిటికీ, కుడిచేయి మడిచి మెడ మీద పెట్టుకుంది. నా చూపు ముందు మెడ దగ్గర ఆగింది, అక్కణ్ణుంచి వెన్ను వెంట కిందికి దిగబోయి మధ్యలో దారి తప్పింది. నడిమి వీపులో వెన్ను గాడి దాదాపు కనిపించడం లేదు. ఆయన ఫ్లాట్ అన్నది దీన్నే. కానీ కిటికీ వెలుతురులో లోపం లేదు. కుడివైపు అంచులో తెల్లగోడ ముక్క కనిపిస్తోంది చూడండి, అది కిటికీ వెలుతురుని తిరిగి ఆమె మీదికే కొడుతోంది, నీడ పడాల్సిన చోట నింపేస్తోంది. ఈసారి ఆ గోడకీ ఆమెకీ మధ్య ఒక నల్లటి దుప్పటి వేలాడదీసి, ఫ్రేమ్‌లోకి రాకుండా వీలైనంత దగ్గరగా జరిపి చూడండి. స్టూడియో లైటు ఖర్చు లేదు.

మోచేయి సరిగ్గా కీలు మీదే తెగింది. మణికట్టు, మోచేయి, మోకాలు, చీలమండ, వీటి మీద ఫ్రేమ్ ఆగితే మిగతా అవయవం ఎటు పోయిందో కన్ను ఊహించుకోలేదు, నరికేసినట్టు ఉంటుంది. కొంచెం వెనక్కి జరిగి మొత్తం లోపలికి తీసుకోండి, లేదా ధైర్యంగా భుజానికీ మోచేతికీ మధ్యలో ఆపండి.

నేను ఎక్కువసేపు చూసింది మాత్రం వేరే చోట. ఆమె ఎడమచేయి స్టూలు అంచుని పట్టుకుని ఉంది. వీపంతా వదులుగా ఉంది, భుజాలు దిగి ఉన్నాయి, ఆ నాలుగు వేళ్లు మాత్రం కణుపులు తెల్లబడేంత గట్టిగా బిగిసి ఉన్నాయి. భావం లేదన్నాయన అటు చూసి ఉండడు. అలా పట్టుకోమని మీరు చెప్పారా, లేక తనే పట్టుకుందా?